పాదచారులకు, సైకిలిస్టులకు భద్రమైన వంతెనలు, బాటలు: చట్టం, ప్రమాణాలు, అనుభవాలు

(ప్రత్యేక వ్యాసం)

రహదారుల అభివృద్ధి అనగానే విస్తరణ పనులు, ఫ్లైఓవర్లు, బైపాస్‌లు ముందుగా గుర్తుకు రావడం సహజం. అయితే ప్రతి ప్రయాణం కాలినడకతోనే మొదలై కాలినడకతోనే ముగుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాకుండా ఇతర పనులు చేసేవారిలో 22.6 శాతం మంది కాలినడకన, 13.1 శాతం మంది సైకిలుపై పనికి వెళ్తున్నారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా మోటారు వాహనం లేకుండానే జీవనోపాధికి చేరుకుంటున్నారు. బడి పిల్లలు, వృద్ధులు, యాత్రికులు ఈ లెక్కలోకి రారు.

ప్రమాదాల భారం కూడా వీరిపైనే అధికంగా పడుతోంది. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులు, 4,800 మందికి పైగా సైకిలిస్టులు. రోజుకు సగటున 100 మందికి పైగా నడుస్తూనో, సైకిలు తొక్కుతూనో ప్రాణాలు కోల్పోయారన్నమాట. ఈ నేపథ్యంలో పాదచారులకు, సైకిలిస్టులకు ఉద్దేశించిన వంతెనలు, బాటల విషయంలో చట్టం ఏమి చెబుతున్నదీ, సాంకేతిక ప్రమాణాలు ఏమిటి, తెలుగు రాష్ట్రాలలో ఇప్పటివరకు ఎదురైన అనుభవాలు ఏమి నేర్పుతున్నదీ పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో వివరించడమైనది.

విధానం, చట్టం

2006లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం, వాహనాల కదలిక కంటే మనుషుల కదలికకు ప్రాధాన్యం ఇవ్వాలని స్పష్టం చేసింది. రహదారి స్థలాన్ని అందరికీ న్యాయంగా పంచాలనీ, మోటారు లేని వాహనాలకు, పాదచారులకు ప్రత్యేక స్థలం కేటాయించాలనీ ఆ విధానం సూచించింది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలు ఈ సూచనకు చట్టబద్ధమైన ఊతం ఇచ్చాయి. సెక్షన్ 138 (1ఎ) ప్రకారం బహిరంగ ప్రదేశాలలో పాదచారులు, మోటారు లేని వాహనాల రాకపోకలను క్రమబద్ధం చేసేందుకు రాష్ట్ర ప్రభుత్వాలు నియమాలు రూపొందించవచ్చు. సెక్షన్ 210డి కింద జాతీయ రహదారులు కాని ఇతర రహదారుల రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలపై నియమాలు చేసే అధికారం రాష్ట్రాలకు ఉంది. నిర్దేశిత భద్రతా ప్రమాణాలు పాటించని కారణంగా మరణం లేదా అంగవైకల్యం సంభవిస్తే బాధ్యులైన అధికార సంస్థ, కాంట్రాక్టరు లేదా కన్సల్టెంటుపై లక్ష రూపాయల వరకు జరిమానా విధించేందుకు సెక్షన్ 198ఎ వీలు కల్పిస్తున్నది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 అమలులోకి వచ్చిన తరువాత బాటలు, వంతెనలు చక్రాల కుర్చీకి కూడా అనువుగా ఉండడం చట్టపరమైన బాధ్యత అయింది.

సుప్రీంకోర్టు 2025 మే 14న ఇచ్చిన ఆదేశాలలో, ఆక్రమణలు లేని, వినియోగానికి అనువైన ఫుట్‌పాత్‌పై నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో అంతర్భాగమని పేర్కొంది. పాదచారుల సౌకర్యాలపై మార్గదర్శకాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అదే సంవత్సరం అక్టోబరులో, పైన పేర్కొన్న రెండు సెక్షన్ల కింద నియమాలను ఆరు నెలలలోగా రూపొందించాలని గడువు విధించింది. అందుచేత కాలిబాట నిర్మాణాన్ని ఇకపై సుందరీకరణ పనిగా కాక, హక్కుకు సంబంధించిన బాధ్యతగా పరిగణించవలసి ఉంటుంది.

సాంకేతిక ప్రమాణాలు

పాదచారుల సౌకర్యాలకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రచురించిన ఐ.ఆర్.సి. 103, సైకిలు బాటలకు ఐ.ఆర్.సి. 11, వంతెనలపై భారాలకు ఐ.ఆర్.సి. 6 ప్రామాణికాలు. వీటిలోని కొన్ని ముఖ్యాంశాలు ఇవి.

* ఫుట్‌పాత్‌పై నడకకు అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. విద్యుత్ స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, చెట్టు, దుకాణం మెట్లు ఈ వెడల్పులోకి రాకూడదు. తలపైన కనీసం 2.2 మీటర్ల ఖాళీ ఉండాలి.

* ఫుట్‌పాత్ ఎత్తు రోడ్డు కంటే 150 మిల్లీమీటర్లకు మించరాదు. అంతకు మించితే వృద్ధులు, పిల్లలు ఎక్కలేక రోడ్డుపైనే నడుస్తారు.

* చక్రాల కుర్చీలకు వేసే ర్యాంపు వాలు 1:12 కంటే ఎక్కువ ఉండరాదు. అంటే ఒక మీటరు ఎత్తు ఎక్కేందుకు కనీసం 12 మీటర్ల పొడవైన ర్యాంపు అవసరం.

* సైకిలు బాట వెడల్పు కనీసం 2 మీటర్లు ఉండాలి. వాలు సాధ్యమైనంత తక్కువగా ఉండాలి. వంతెనకు చేరే దారి నిటారుగా ఉంటే సైకిలిస్టు దిగి నడవవలసి వస్తుంది. బరువు మోసుకువెళ్లే వారికి అది అసాధ్యమవుతుంది.

* వంతెనపై కాలిబాటకు చదరపు మీటరుకు 400 కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకుంటారు. యాత్రాస్థలాలు, పెద్ద జాతరలు జరిగే పట్టణాల సమీపంలోని వంతెనలకు దీనిని 500 కిలోలకు పెంచాలి. 500 కిలోలు అంటే ఒక చదరపు మీటరులో దాదాపు ఏడుగురు పెద్దవారు కిక్కిరిసి నిలబడడం.

చివరి అంశం గోదావరి, కృష్ణా తీరాలలోని పట్టణాలకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. పుష్కరాల సమయంలో సాధారణ దినాల రద్దీ లెక్కలు పనికిరావు.

హేవలాక్ వంతెన: పాత వారధికి కొత్త పాత్ర

రాజమహేంద్రవరం, కొవ్వూరుల మధ్య గోదావరిపై నిర్మించిన తొలి రైలు వంతెన హేవలాక్ వంతెన. 1897లో పనులు ప్రారంభమై, 1900లో రైళ్ల రాకపోకలు మొదలయ్యాయి. నాటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరు దీనికి పెట్టారు. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్ పర్యవేక్షణలో రాతి స్తంభాలపై ఉక్కు గర్డర్లతో 56 స్పాన్లుగా ఈ వంతెన రూపుదిద్దుకుంది. మద్రాసు, హౌరాల మధ్య రైలు ప్రయాణానికి దాదాపు ఒక శతాబ్దం పాటు సేవలందించిన ఈ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. ఆ ఏడాదే ప్రక్కన ఆర్చి వంతెన వినియోగంలోకి వచ్చింది.

రైళ్లు ఆగిపోయిన తరువాత ఈ వంతెనను ఏమి చేయాలన్నది రెండున్నర దశాబ్దాలకు పైగా చర్చలో ఉన్న అంశం. ఇనుము కింద విక్రయించకుండా చారిత్రక కట్టడంగా పరిరక్షించి, ప్రజలు నడిచే వంతెనగా, పర్యాటక ఆకర్షణగా తీర్చిదిద్దాలన్నది స్థానికుల చిరకాల ఆకాంక్ష. ఈ దిశగా 2025 జూన్ 26న 'అఖండ గోదావరి' పథకానికి రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగింది. రాష్ట్రాల మూలధన పెట్టుబడులకు కేంద్రం ఇచ్చే ప్రత్యేక సహాయం కింద రూ. 94.44 కోట్ల వ్యయంతో చేపట్టిన ఈ పథకంలో హేవలాక్ వంతెన, పుష్కర ఘాట్ అభివృద్ధి ప్రధానాంశాలు. 2027లో గోదావరి పుష్కరాలు జరగనున్నందున ఈ పథకానికి ప్రత్యేక ప్రాధాన్యం ఏర్పడింది.

రైలు బరువు మోసిన వంతెన మనుషుల బరువు మోయలేదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. ఇందుకు సమాధానం అంత సులభం కాదు. రైలు భారం పట్టాల వెంబడి నేరుగా గర్డర్లపై పడుతుంది. పాత ఉక్కు రైలు వంతెనలలో సాధారణంగా స్లీపర్ల మధ్య ఖాళీయే తప్ప నడిచేందుకు నేల ఉండదు. నడక మార్గంగా మార్చాలంటే కొత్తగా నేల, రెయిలింగ్, దీపాలు, కేబుళ్లు అమర్చాలి. ఈ శాశ్వత భారం వంతెనకు కొత్తది. రెయిలింగ్‌పైన, నీడ కోసం వేసే కప్పులపైన గాలి తాకిడి కూడా కొత్తదే. జనం అంతా ఒకే వైపునకు చేరి నదిలోకి చూసినప్పుడు భారం సమంగా ఉండదు. వీటికి తోడు, నిత్య నిర్వహణ ఆగిపోయిన ఉక్కు కట్టడంలో రివెట్లు, బేరింగులు, గర్డర్ల అడుగు భాగాలు ఎంతమేరకు తుప్పు పట్టాయో స్పాన్ వారీగా పరీక్షించవలసి ఉంటుంది. నదీ ప్రవాహానికి స్తంభాల పునాదుల వద్ద ఏర్పడే కోత మరొక ముఖ్య పరిశీలనాంశం.

రాకపోకల పరంగా కూడా ఈ వంతెనకు ప్రాధాన్యం ఉంది. 1974లో వినియోగంలోకి వచ్చిన రోడ్డు కం రైలు వంతెనపై బస్సులు, కార్లు, ద్విచక్ర వాహనాల నడుమనే సైకిలిస్టులు, పాదచారులు సాగవలసి వస్తోంది. మరమ్మతుల నిమిత్తం 2023లో ఆ వంతెనపై కొన్ని వారాలు రాకపోకలు నిలిపివేసినప్పుడు ఉభయ తీరాల ప్రజలు చుట్టుదారి పట్టవలసి వచ్చింది. హేవలాక్ వంతెనపై విహారానికే కాక దైనందిన నడకకు, సైకిలుకు ఏ మేరకు చోటు కల్పించవచ్చన్నది రూపకల్పన దశలోనే తేల్చవలసిన విషయం. రుసుము, వేళలు, రెండు చివరల నుంచి ప్రవేశం అనే మూడు నిర్ణయాలను బట్టే అది పర్యాటక వేదికగా మిగులుతుందో, ప్రజల దారిగా కూడా నిలుస్తుందో తేలుతుంది.

విస్మరించరాని పాఠాలు

నడక వంతెనల విషయంలో దేశంలో జరిగిన రెండు దుర్ఘటనలు ఇంజనీర్లు, పాలనాధికారులు ఎల్లప్పుడూ గుర్తుంచుకోదగినవి. 2022 అక్టోబరు 30న గుజరాత్‌లోని మోర్బీ పట్టణంలో మచ్ఛు నదిపై బ్రిటిషు కాలం నాటి వేలాడే వంతెన కూలి 135 మంది మరణించారు. మరమ్మతుల అనంతరం తెరిచిన నాలుగు రోజులకే ఈ ఘోరం జరిగింది. ప్రధాన కేబుల్‌లోని 49 తీగలలో 22 అంతకుముందే తుప్పుపట్టి తెగిపోయి ఉండవచ్చని ప్రత్యేక దర్యాప్తు బృందం నివేదించింది. పైపూతలు, కొత్త నేల వేయడం మరమ్మతు అనిపించుకోదనీ, భారం మోసే భాగాల పరీక్ష, ఏకకాలంలో అనుమతించే జనసంఖ్యపై పరిమితి తప్పనిసరి అనీ ఈ ఘటన నిరూపించింది.

2017 సెప్టెంబరు 29న ముంబయిలోని ఎల్ఫిన్‌స్టన్ రోడ్ రైల్వే స్టేషను కాలి వంతెనపై వర్షం కురుస్తున్న వేళ తొక్కిసలాట జరిగి 23 మంది మరణించారు. అక్కడ వంతెన కూలలేదు. రద్దీకి తగిన వెడల్పు లేకపోవడమే శాపమైంది. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలి రోజున రాజమహేంద్రవరంలో స్నానఘట్టం వద్ద జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా యాత్రికులు ప్రాణాలు కోల్పోయారు. ప్రవేశ, నిష్క్రమణ మార్గాలను వేరు చేయడం, జనం ఒకేచోట ఆగిపోకుండా చూడడం ఘాట్లకు ఎంత అవసరమో వంతెనలకు అంతే అవసరం.

తెలంగాణ అనుభవాలు

హైదరాబాదులో గత కొన్నేళ్లలో చేపట్టిన పనులు మూడు భిన్న నమూనాలను అందిస్తున్నాయి.

మొదటిది దుర్గం చెరువు తీగల వంతెన. 2020 సెప్టెంబరు 25న ప్రారంభమైన ఈ వంతెన పొడవు సుమారు 754 మీటర్లు. వాహన మార్గంతో పాటు అంచున నడిచేవారికి చోటు కల్పించారు. ప్రారంభించిన కొత్తలో సందర్శకులు వాహన మార్గంలోకి వచ్చి ఫొటోలు దిగడం పోలీసులకు సమస్యగా మారగా, వారాంతాలలో వాహనాలను నిలిపివేసి వంతెనను పాదచారులకు వదిలిపెట్టారు. అందమైన వంతెన జనాన్ని ఆకర్షిస్తుందన్నది ముందే ఊహించదగిన విషయం కాబట్టి, నిలబడి చూసేందుకు వేరుగా చోటు కేటాయించడం రూపకల్పనలో భాగం కావాలి.

రెండవది 2023 జూన్ 26న ప్రారంభమైన ఉప్పల్ స్కైవాక్. వరంగల్ రహదారి, ఇన్నర్ రింగ్ రోడ్డు కలిసే కూడలిలో సుమారు 660 మీటర్ల పొడవున, ఆరు మీటర్ల ఎత్తున, కూడలి చుట్టూ నిర్మించిన ఈ మార్గం మెట్రో స్టేషనుకు, బస్సు స్టాపులకు అనుసంధానమైంది. మెట్లతో పాటు లిఫ్టులు, ఎస్కలేటర్లు అమర్చడం దీని ప్రత్యేకత. సాధారణ ఫుట్ ఓవర్ బ్రిడ్జిలు నిరుపయోగంగా మిగలడానికి ప్రధాన కారణం ఆరు మీటర్లు ఎక్కి దిగవలసి రావడమే. లిఫ్టు పనిచేయని రోజున ఎంత ఖర్చుతో కట్టిన వంతెన అయినా మోకాళ్ల నొప్పులున్న వృద్ధురాలికి మూతపడినట్లే. అందువల్ల నిర్మాణ వ్యయంతో పాటు లిఫ్టుల నిర్వహణకు ఏటా నిధులు కేటాయించడం ముఖ్యం. కూడలి అంత పెద్దది కానిచోట సిగ్నలు, జీబ్రా క్రాసింగు, మధ్యలో ఆగేందుకు డివైడరు వంటి నేలపై ఏర్పాట్లే మేలని నిపుణుల అభిప్రాయం.

మూడవది ఔటర్ రింగ్ రోడ్డు వెంట నిర్మించిన సౌర విద్యుత్ పైకప్పు గల సైకిలు బాట. 2022 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగి, 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. ప్రారంభం నాటికి నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వరకు 8.5 కి.మీ., నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కి.మీ., మొత్తం 23 కి.మీ. పొడవున, 4.5 మీటర్ల వెడల్పుతో దీనిని నిర్మించారు. పైకప్పుగా అమర్చిన పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలోని ఇటువంటి బాట దీనికి ప్రేరణ. ఎండ తీవ్రంగా ఉండే మన ప్రాంతంలో నీడ కల్పించడం సైకిలిస్టుకు గొప్ప వసతి. కాగా, బాట ఎంత బాగున్నా ఇంటి నుంచి అక్కడికి భద్రంగా చేరే దారి లేకపోతే అది వ్యాయామానికే పరిమితమవుతుంది. పనికి వెళ్లే సైకిలిస్టు దృష్ట్యా నివాస ప్రాంతాలు, కార్యాలయాలు, బస్సు, మెట్రో స్టేషన్లను కలిపే చిన్న అనుసంధాన బాటలే కీలకం.

కేంద్ర ప్రభుత్వం నగరాలకు నిర్వహించిన పోటీలలో కూడా తెలుగు నగరాలకు గుర్తింపు లభించింది. 2020లో మొదలైన 'ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్' కార్యక్రమంలో వరంగల్, వీధులను పాదచారులకు అనువుగా మార్చే 'స్ట్రీట్స్ ఫర్ పీపుల్' కార్యక్రమంలో విజయవాడ ఎంపికైన 11 నగరాలలో నిలిచాయి.

తిరుమల మెట్ల మార్గాలు

రాష్ట్రంలో అత్యధికంగా వినియోగంలో ఉన్న నడక మార్గాలలో తిరుమల కాలిబాటలు ముఖ్యమైనవి. అలిపిరి మార్గంలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గంలో సుమారు 2,400 మెట్లు ఉన్నాయి. అలిపిరి మార్గంలో పైకప్పును పునర్నిర్మించి 2021 అక్టోబరులో భక్తులకు తిరిగి అందుబాటులోకి తెచ్చారు. అదే సంవత్సరం నవంబరులో కురిసిన భారీ వర్షాలకు శ్రీవారి మెట్టు మార్గం తీవ్రంగా దెబ్బతినగా, మరమ్మతుల అనంతరం 2022 మేలో పునఃప్రారంభించారు.

2023 ఆగస్టులో అలిపిరి మార్గంలో చిరుత దాడిలో ఆరేళ్ల బాలిక మరణించడం అందరినీ కలచివేసింది. ఆ తరువాత మధ్యాహ్నం దాటాక చిన్నపిల్లలను అనుమతించకపోవడం, భక్తులను బృందాలుగా పంపడం, చేతికర్రలు అందజేయడం వంటి చర్యలు చేపట్టారు. కొండలు, అడవుల గుండా సాగే బాటలకు వరద నీటి మళ్లింపు, కొండచరియల రక్షణ, వ్యర్థాల తొలగింపు, వన్యప్రాణుల కదలికపై నిఘా అన్నీ నిర్వహణలో భాగమేనని ఈ రెండు అనుభవాలు తెలియజేస్తున్నాయి.

కాలువ గట్లు, కాలి వంతెనలు

ధవళేశ్వరం వద్ద 1852లో పూర్తయిన ఆనకట్ట నుంచి సాగిన డెల్టా కాలువలు సేద్యానికే కాక పడవ ప్రయాణానికి కూడా ఉపయోగపడ్డాయి. గట్టు వెంట నడుస్తూ తాడుతో పడవలను లాగేవారు. ఆ విధంగా కాలువ గట్టు మొదటి నుంచీ నడక దారియే. నేటికీ ఉభయ గోదావరి, కృష్ణా డెల్టా గ్రామాలలో బడికి సైకిలుపై వెళ్లే విద్యార్థులకు, పొలానికి వెళ్లే రైతుకూలీలకు గట్టు దారులు, కాలువలపై ఉన్న ఇరుకైన కాలి వంతెనలే ఆధారం.

వీటిలో అవసరమైన పనులు పెద్ద వ్యయంతో కూడినవి కావు. రెయిలింగ్ లేని కాలి వంతెనకు రెయిలింగ్ అమర్చడం, సైకిలు దించకుండా ఎక్కేందుకు మెట్ల స్థానంలో ర్యాంపు వేయడం, మలుపుల వద్ద నీటివైపు రక్షణ గోడ, రాత్రి వేళ దీపాలు కల్పించడం వంటివి స్థానిక సంస్థల స్థాయిలో కూడా సాధ్యమే. సమస్య ఎక్కువగా శాఖల మధ్య హద్దుల వద్ద తలెత్తుతుంది. గట్టు జల వనరుల శాఖది, దారి పంచాయతీది, ప్రధాన రహదారి రోడ్లు భవనాల శాఖది, రైల్వే గేటు రైల్వేది. రైల్వే గేటు మూసివేసి పై వంతెన నిర్మించినప్పుడు వాహనాలకు సమయం ఆదా అవుతుంది. కానీ పట్టాలకు ఆవలి వైపున ఉన్న బడికి నడిచి వెళ్లే పిల్లలు పొడవైన వంతెన ఎక్కి దిగలేక పట్టాలు దాటే ప్రమాదం ఉంది. అటువంటి చోట్ల పాదచారులకు, సైకిళ్లకు భూగర్భ దారిని ప్రతిపాదన దశలోనే చేర్చడం శ్రేయస్కరం.

పరిశీలించవలసిన అంశాలు

వంతెన లేదా బాట పనిని మంజూరు చేసే అధికారులు, ఆ పనిపై వార్తలు రాసే పాత్రికేయులు ఈ కింది ప్రశ్నలకు సమాధానాలు రాబట్టడం ఉపయుక్తం.

1. మంజూరైన అంచనాలో కాలిబాట, సైకిలు బాట వెడల్పు ఎంత? స్తంభాలు, రెయిలింగ్ మినహాయిస్తే మిగిలే వెడల్పు ఎంత?

2. పాత వంతెన అయితే భారం మోసే భాగాలను చివరిసారి ఎప్పుడు, ఎవరు పరీక్షించారు? ఏకకాలంలో ఎంతమందిని అనుమతించవచ్చునని నిర్ణయించారు? ఆ సంఖ్యను వంతెన వద్ద ప్రదర్శించారా?

3. వంతెన రెండు చివరలా బాట ఎక్కడి వరకు కొనసాగుతుంది? బస్సు స్టాపు, బడి, సంతకు కలుస్తుందా?

4. చక్రాల కుర్చీ, చేతిబండి, సైకిలు వెళ్లగలవా? లిఫ్టు ఉంటే దాని నిర్వహణకు నిధులు ఏ పద్దు నుంచి వస్తాయి?

5. దీపాలు, వర్షపు నీటి పారుదల, ఆక్రమణల తొలగింపు బాధ్యత ఏ శాఖది? ఫిర్యాదు ఎవరికి చేయాలి?

6. పండుగలు, పుష్కరాలు, సెలవు దినాల రద్దీకి ప్రత్యేక ప్రణాళిక ఉందా?

ప్రారంభోత్సవం నాటి ఛాయాచిత్రంలో ప్రతి వంతెనా అందంగానే కనిపిస్తుంది. దాని ప్రయోజనం మాత్రం ఏడాది గడిచాక, వర్షం కురిసిన సాయంత్రం వేళ, బడి వదిలిన పిల్లలు దానిపై నుంచి భయం లేకుండా ఇంటికి చేరుతున్నారా లేదా అన్నదానిని బట్టి తేలుతుంది. చట్టం హక్కును గుర్తించింది, ప్రమాణాలు అందుబాటులో ఉన్నాయి, అనుభవాలూ కళ్లముందున్నాయి. వీటిని ప్రతి అంచనా పత్రంలో, ప్రతి తనిఖీ నివేదికలో ప్రతిబింబింపజేయడమే సంబంధిత శాఖల ముందున్న కర్తవ్యం.